డిక్కీలో పార పెట్టాను, తియ్యకు

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు థార్ వేసుకుని పాడేరు కొండల మీదకి పోతోందట, అన్నీ నీ పోలికలే" అని నన్ను తిట్టింది. తిడుతూంటే నాకు నవ్వొచ్చింది. ఆ ఘాట్‌లో ముప్పయ్యేళ్లు జీపు తోలినవాడి మేనకోడలివి, శని ఆదివారాలు మధురవాడలో కూర్చుంటావా? మంచం మీదకి చేరాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

డీజిలు, తాగే నీళ్లు, మందులు, స్టెప్నీలో గాలి, ఇవి నీకు తెలుసు. స్టీరింగు లోపలికి బొటనవేళ్లు దూర్చి పట్టుకోకు, ముందు చక్రం రాయికి తగిలి తిరిగిందంటే వేలు విరుగుతుంది. దిగుడులో 4L (ఫోర్-లో, నాలుగు చక్రాలనీ నెమ్మదిగా, బలంగా తిప్పేది) వేసి, మొదటి గేరులో పెట్టి, క్లచ్చి మీంచి కాలు తీసెయ్యి. ఇంజనే బండిని ఆపుకుంటుంది. ఆ ఎర్రమట్టి తడిసిందంటే సబ్బే. బండి పక్కకి జారుతోందని గట్టిగా బ్రేకు తొక్కితే ఇంకా జారుతుంది.

గెడ్డ దాటాలంటే ముందు నువ్వు దిగి కర్రతో చూసుకో. నువ్వు నడవలేని గెడ్డలో బండి దింపకు. పైన కొండ మీద వాన పడితే కింద ఎండ కాస్తున్నా నీళ్లొచ్చేస్తాయి. నీళ్ల మధ్యలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చెయ్యకు. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బండి పోతే పోనీ, నువ్వు ఒడ్డెక్కు.

ఇక తాడు సంగతి. ఇది మీ అత్తకి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

1988 ఆగస్టు. కాంట్రాక్టరు జీపు మీద పాడేరు అవతల పనికి సామాను తోలుతున్నాను. నాతో పదహారేళ్ల గుంటడొకడు క్లీనరుగా ఉండేవాడు. ఓ మలుపులో వెనక చక్రాలు బురదలో దిగబడ్డాయి. మహా అయితే జానెడు లోతు. వాడు పార తీసి, "గురువుగారూ, తవ్వి రాళ్లేద్దాం, అరగంటలో పోతాం" అన్నాడు. అప్పటికే వెనక మూడు జీపులు ఆగాయి. ఆ డ్రైవర్లంతా నాకు తెలిసినవాళ్లే. బీడీలు ముట్టించుకుని గట్టు మీద కూర్చున్నారు. వాళ్లలో ఒకడు నవ్వాడు. ఆ నవ్వు చాలు నాకు. "పార లోపల పడెయ్యరా" అని అరిచి, ఇనప రోప్పు తీసి నా ముందు బంపరుకి కట్టాను. ఆ కొస ఎదురుగా వచ్చిన లారీకి తగిలించాం. రోప్పు వదులుగా ఉండగానే లారీవాణ్ణి "లాగు" అన్నాను. లారీ ఒక్క ఊపున కదిలింది. బంపరు ఊడి లారీ వైపు ఎగిరింది.

గుంటడు రోప్పు పక్కన నిలబడి ఉన్నాడు. నేనే నిలబడమన్నాను, సైగ చెయ్యమని.

మోకాలు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి చేరేసరికి చీకటి పడింది. దారంతా వాడు ఏడవలేదు, "బండెవరు తెస్తారు గురువుగారూ" అని అడిగాడు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. నన్ను ఒక్క మాట అనలేదు, వాళ్లమ్మ కూడా అనలేదు. అనుంటే బాగుండేదేమో.

అందుకని చెప్తున్నాను. మీ గుంపులో ఎవరి బండి దిగబడినా ముందు పార. తాడు కట్టక తప్పదనుకుంటే ఛాసీకి బిగించిన కొక్కేనికే కట్టు. బంపరుకి కాదు, ట్రాలీ తగిలించే గుండుకి అసలే కాదు. తాడు మధ్యలో దుప్పటి వెయ్యి, తెగితే అంత ఎగరదు. తాడు ఎంత పొడవుందో అంతకి ఒకటిన్నర రెట్లు దూరం పంపెయ్యి అందరినీ, ముఖ్యంగా సెల్‌ఫోన్లు పట్టుకుని వీడియో తీసేవాళ్లని. ఆడపిల్ల బండి ఇరుక్కుందంటే పదిమంది పదివైపుల నుంచి "లెఫ్టు కొయ్యి, రైటు కొయ్యి" అని అరుస్తారు. ఒక్కడినే చెప్పమను. తక్కినవాళ్లని నోరు మూసుకోమను, నా పేరు చెప్పి అను. ఎవరు నవ్వినా నవ్వనీ. నీ వల్ల కాదనిపిస్తే వెనక్కి తిప్పుకొచ్చెయ్, మీ అమ్మ ఉప్మా చేసి పెడుతుంది.

ఇంకోటి. వలిసెపూలు పూశాయని చేలో బండి పెట్టి ఫొటో దిగావని తెలిస్తే థార్ తాళాలు నేనే పట్టుకుపోతాను. అది ఒకళ్ల కష్టం. కాఫీ గింజలు రోడ్డు పక్కన ఆరబోసుంటారు, చూసి నడుపు. ఇసుక సరదా ఉందని మీ వాళ్లు భీమిలి ఎర్రమట్టి దిబ్బల మీదకి రమ్మంటే వెళ్లకు, అవి వేల ఏళ్ల నాటి దిబ్బలు, ఒక్క టైరు చాలు వాటిని గీరడానికి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా జోడుగుళ్లపాలెం వైపు ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, అక్కడ చక్రం పెట్టనే పెట్టకు.

పొద్దున్నే మీ ఇంటికొచ్చాను, నువ్వింకా పడుకునే ఉన్నావు. మీ అమ్మ దగ్గర తాళం అడిగి తీసుకున్నాను. డిక్కీలో పార, పాత దుప్పటి పెట్టాను. బరువని తియ్యకు. ఈ ఉత్తరం డాష్‌బోర్డులో వదులుతున్నాను.

బురదలో పట్టు కోసం టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా దించుతారు కదా, ఘాట్ దిగేముందు మళ్లీ ఎక్కించుకోవాలి. పాడేరులో వాడికి పంక్చరు షాపుంది, కుంటుతూ నడిచే మనిషి ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. అక్కడే గాలి పట్టించుకో. నా మేనకోడలినని చెప్పు. డబ్బులు తీసుకోనంటాడు, బలవంతంగా చేతిలో పెట్టు. ఈ ఉత్తరం సంగతి మాత్రం వాడితో అనకు.

ఆదివారం రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి. పడుకోను.

మీ మావయ్య
గోపాలపట్నం