చెల్లి జబ్బు నిజమేనా? ముందు ఆపాల్సింది వసూళ్లు

ప్రశ్న: మా చెల్లి తనకు లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అని, నాలుగో స్టేజి అని ఎనిమిది నెలల కిందట చెప్పింది. ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ పెట్టింది. ఆ లింకు నేనే అందరికీ పంపాను. కొంత డబ్బు నా ఖాతాకు వస్తే తనకు పంపించాను. ఆస్పత్రికి ఎవరినీ రానివ్వదు, ఒక్కతే వెళ్లొస్తుంది. ఈమధ్య ‘నాలుగో స్టేజి నుంచి రెండుకు దిగింది’ అంది. తను పంపిన బయాప్సీ (గడ్డ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టులో ముక్క తీసిన తేదీ, రిపోర్టు ఇచ్చిన తేదీ ఒకటే. తన భర్త ఉద్యోగం వేరే చోట. పిల్లలకు పదకొండేళ్లు, ఏడేళ్లు. అడిగాక జబ్బు నిజమని తేలితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? – ఒక అక్క

జవాబు: జబ్బు ఉందా లేదా అన్నది తేలడానికి వారం పది రోజులు పట్టొచ్చు. డబ్బు రావడం ఆపడానికి అంత సమయం అక్కర్లేదు, ఈ రోజే ఆపొచ్చు. ఈ రెండింటినీ ముడిపెట్టుకున్నారు కాబట్టే మీకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

మీరు లింకు పంపిన ప్రతిచోటా ఒక్క వాక్యం పెట్టండి: ‘చికిత్స లెక్కలు సరిచూస్తున్నాం, మళ్లీ చెప్పేవరకు ఎవరూ డబ్బు పంపవద్దు.’ ఇందులో ఎవరి మీదా నింద లేదు. జబ్బు నిజమైనా ఈ మాట అబద్ధం కాదు. మీ ఖాతాకు ఇకమీదట వచ్చేది తనకు పంపకండి, పక్కన ఉంచండి. తెలియక పంచిన లింకు వేరు, అనుమానం వచ్చాక పంచింది వేరు. రెండోది రేపు మీ మెడకే చుట్టుకుంటుంది. పేజీ చెల్లి పేరు మీదే ఉంది కనుక, తను ఆపనంటే ఆ పేజీ నడిపే ఆన్‌లైన్ వేదికకు ఫిర్యాదు చేసే వీలుంటుంది. పేరున్న వేదికలు చెల్లింపులు నిలిపి, పత్రాలు అడుగుతాయి.

ఇక జబ్బు సంగతి. జుట్టు, బరువు, మొహం కళ చూసి ఏదీ తేల్చకండి. లింఫోమా చికిత్సలో స్టెరాయిడ్లు ఇస్తే మనిషి ఒళ్లు చేస్తాడు. కొన్ని మందులతో జుట్టు పూర్తిగా రాలదు. గుండు చేయించుకోవడం ఎవరికైనా చేతనైన పనే. స్టేజి మాటకూ మరీ ఎక్కువ విలువ ఇవ్వొద్దు. స్టేజి అనేది రోగం కనిపెట్టినప్పుడు నిర్ణయించేది. చికిత్స పనిచేస్తే డాక్టర్లు ‘రెమిషన్’ (జబ్బు తగ్గుముఖం) అంటారు తప్ప స్టేజి దిగిందనరు. అయితే నిజం రోగులూ ఇలా పొరపాటుగా చెబుతుంటారు.

తేదీ మాత్రం గట్టి విషయం. తీసిన ముక్క ఫార్మలిన్ అనే ద్రావణంలో గంటల తరబడి నానాలి. తర్వాత మైనంలో పోసి, పలచగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. లింఫోమా రకం తేల్చడానికి ఆపైన కణాల రకాన్ని గుర్తించే ఇమ్యునో పరీక్షలు చేయాలి. ఇదంతా కొన్ని రోజుల పని, ఒక్క పూటలో తెమలదు. రిపోర్టు మళ్లీ తీసి నమూనా తీసిన తేదీ, ల్యాబ్‌కు చేరిన తేదీ, రిపోర్టు ఇచ్చిన తేదీ విడివిడిగా చూడండి. ఒకచోట అచ్చుతప్పు ఉండొచ్చు. మూడూ ఒకటే అయితే, దానికి తోడు వయసో పేరులో అక్షరాలో వేరే రకం అచ్చులో కనబడితే, అది వేరొకరి రిపోర్టు మీద దిద్దినదై ఉండొచ్చు.

ఒక్క రిపోర్టుతో ఆగకండి, ఎనిమిది నెలల చికిత్సంటే కాగితాల కట్ట ఉండాలి. లింఫోమాలో హాడ్జ్‌కిన్ అనే రకానికి ఎక్కువగా వాడే ఏబీవీడీ అనే కీమో పద్ధతిలో 28 రోజుల చక్రంలో రెండుసార్లు, మొదటి రోజు, పదిహేనో రోజు మందు ఎక్కిస్తారు. మిగతా రకాల్లో తరచు వాడే ఆర్-చాప్ అనే మందుల కలయిక సాధారణంగా 21 రోజులకొకసారి. ప్రతిసారీ ముందు రక్తకణాల లెక్క చూస్తారు, అయ్యాక డే కేర్ కాగితం ఇస్తారు. పెట్ స్కాన్లు వేరే. ‘ఫైలు ఆస్పత్రిలోనే ఉంది’ అంటే నమ్మశక్యం కాదు. ఆస్పత్రి వాళ్లు ఫైలు ఉంచుకున్నా నకళ్లు రోగి చేతికి వస్తాయి.

ఆస్పత్రికి మీరే ఫోన్ చేసి చెల్లి పేరు చెబితే వాళ్లు నోరు విప్పరు, విప్పకూడదు కూడా. వేరొకరిలా నటించి అడగడం లాంటివి అసలే వద్దు. అంతకన్నా మంచి దారి ఒకటుంది. బయాప్సీ ముక్క ఉన్న మైనపు బ్లాకును ల్యాబ్ ఏళ్ల తరబడి దాచిపెడుతుంది. రోగి రాసిస్తే బ్లాకునో, దాన్నుంచి కోసిన పొరలున్న గాజు స్లైడ్లనో రెండో అభిప్రాయం కోసం బయటికి ఇస్తారు. నిజంగా క్యాన్సర్ ఉన్న ఇంట్లో చాలామంది చేసేదే ఇది, ఎవరూ తప్పుపట్టరు. ‘స్లైడ్లు ఇంకో డాక్టరుకు చూపిద్దాం, సంతకం పెట్టు, నేనే తీసుకెళ్తాను’ అనండి. జబ్బున్న మనిషి విసుక్కుంటూనైనా పెడుతుంది. వారాల తరబడి వాయిదా వేస్తే మీకు సగం జవాబు వచ్చినట్టే.

మాట్లాడేటప్పుడు పిల్లలు ఇంట్లో ఉండకూడదు. మీరు, చెల్లి భర్త, అంతే. పదిమందిని పోగేసి పంచాయితీ పెడితే తను అబద్ధాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ‘నువ్వు మోసం చేశావు’ అని మొదలుపెట్టకండి. ‘రిపోర్టులో తేదీలు కుదరడం లేదు. నాకు భయంగా ఉంది. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. అప్పటిదాకా డబ్బు అడగొద్దు’ చాలు. తర్వాత మీరు మౌనంగా ఉండగలగాలి.

‘చచ్చేదాన్ని అనుమానిస్తావా’ అని ఏడ్చి బంధువులందరికీ ఫోన్లు చేయొచ్చు. ఉన్నట్టుండి రోగం నయమైపోయిందనొచ్చు. సగం ఒప్పుకోవడమూ ఉంటుంది: మొదట నిజంగానే గడ్డ కనబడింది, ప్రమాదం లేదని తేలింది, కానీ అప్పటికే అందరికీ చెప్పేయడంతో వెనక్కి రాలేకపోయింది. ఇది జరగనిది కాదు. అప్పుడు ప్రశ్నల వర్షం కురిపించకండి. ఎంత వచ్చింది, ఎంత మిగిలింది, ఇంకెవరికి తెలుసు – ఈ మూడే అడగండి.

ఆ రాత్రి తనను ఒంటరిగా వదలొద్దు. పరువు పోయిన క్షణం ప్రాణానికి ప్రమాదం. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే మందులు, పదునైన వస్తువులు తీసేసి, వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

తను ఎందుకు చేసిందన్న ప్రశ్నకు ఒక్క కారణం దొరకదు. కేవలం డబ్బు కోసం నటిస్తే అది మోసం. రోగిగా దొరికే ఆదరణ కోసం జబ్బు కల్పించుకోవడాన్ని ఫాక్టీషియస్ డిజార్డర్ అంటారు. 1951లో రిచర్డ్ ఆషర్ అనే డాక్టరు మంఛౌసెన్ సిండ్రోమ్ అని పేరుపెట్టింది దీని తీవ్ర రూపానికే. ఒకే మనిషిలో రెండూ కలిసి ఉండొచ్చు. దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. నెలల తరబడి సైకోథెరపీ కావాలి, తోడుగా డిప్రెషన్ ఉంటే దానికి మందులిస్తారు. రోగనిర్ధారణ మానసిక వైద్యులకు వదిలేయండి. అది ఉందని తేలినంత మాత్రాన డబ్బు బాధ్యత మాఫీ కాదు. క్యాన్సర్ ఉందని ఏళ్లపాటు బ్లాగు రాసి లక్ష డాలర్లకు పైగా పోగుచేసిన ఒక మహిళకు 2022లో అమెరికా కోర్టు ఐదేళ్ల జైలు వేసింది.

కాబట్టి చెల్లి ఒప్పుకుంటే మొదటి ఫోను న్యాయవాదికి. ఆయన్ను కలవకుండా రాతపూర్వకంగా ఏదీ ఇవ్వొద్దు, క్షమాపణ పోస్టులూ పెట్టొద్దు. మొదటి రోజు నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి, ఇచ్చినవారి పేరు, తేదీ, మొత్తం, ఎలా ఇచ్చారన్నది ఒక పట్టికలో రాయండి. చేతికిచ్చిన నగదు దగ్గరే లెక్క తప్పుతుంది. గుర్తున్నవాళ్లను ముందే రాసుకోండి. మీ ఖాతా గుండా వెళ్లింది వేరే కాగితం మీద. మిగిలిన సొమ్ము ముట్టుకోకుండా ఉంచి, వేదిక ద్వారా వచ్చినదాన్ని ఆ వేదిక ద్వారానే తిప్పి పంపించాలి. అమ్మానాన్నలు గుట్టుగా కట్టేసి మూసేద్దామంటే ఒప్పుకోకండి. అలా కప్పెట్టిన చోట రెండేళ్లకు ఇంకో జబ్బు పుట్టుకొస్తుంది.

పిల్లలకు వాళ్ల నాన్న చెప్పాలి: ‘అమ్మకు ఆ జబ్బు లేదు. అమ్మ నిజం చెప్పలేదు. ఇందులో మీ తప్పేమీ లేదు.’ పెద్దపిల్లకో పిల్లాడికో ముందే తెలిసి, దాచమని చెప్పారేమో మెల్లగా కనుక్కోండి. అలాంటి పిల్లలకు విడిగా కౌన్సెలర్ అవసరం. ఎక్కడైనా పిల్లలనే రోగులుగా చూపించి వసూలు చేస్తున్నట్టు తెలిస్తే వారం ఆగకండి, అదే రోజు బాలల సంరక్షణ అధికారులకు చెప్పాలి.

బ్లాకు ల్యాబ్‌లో ఉండి, లింఫోమా నిజమేనని రెండో డాక్టరూ చెబితే ‘భయపడ్డాను, అందుకే అడిగాను’ అని చెల్లికి చెప్పండి. విరాళాలు మళ్లీ తెరవండి, ఈసారి ఆస్పత్రి ఇచ్చిన ఖర్చు అంచనా కాగితంతో, డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాకు వెళ్లేలా.