64 కోర్ల సర్వర్ ఒకటా, 8 కోర్ల మెషిన్లు ఎనిమిదా?

మీ కాలేజీ ల్యాబ్ పరీక్షలకు 64 కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాలు) సర్వర్ ఒకటి కొనాలా, 8 కోర్లవి ఎనిమిది కొని క్లస్టర్ కట్టాలా, అంటే నెట్‌వర్క్‌తో కలిపి పని పంచాలా అని అడిగారు. కళ్లు మూసుకుని ఎనిమిది కొనండి. గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఇదే పని చూసుకున్నవాణ్ణి.

అక్కడ రెండు సాకెట్ల, అంటే రెండు ప్రాసెసర్ చిప్‌లున్న, పెద్ద సర్వర్ ఉండేది. పిల్లలు సి ప్రోగ్రామ్ సబ్మిట్ చేస్తే కంపైల్ చేసి (మెషిన్ నడపగలిగే రూపంలోకి మార్చి), టెస్ట్ కేసులు నడిపి మార్కులు వేయాలి. మామూలు రోజుల్లో బాగానే నడిచేది. సెమిస్టర్ పరీక్ష రోజు ఆఖరి పావుగంటలో అందరూ ఒక్కసారే సబ్మిట్ నొక్కేసరికి మొరాయించింది. పిల్లలకు టెన్షన్, ఇన్విజిలేటర్ల నుంచి ఫోన్ మీద ఫోన్. టాప్ అనే కమాండ్ కొట్టి చూస్తే కోర్లన్నీ బిజీనే, కానీ ప్రోగ్రామ్‌లకు పోయే యూజర్ టైమ్ కాస్తే, మిగతాదంతా ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నెల్‌కు పోయే సిస్టమ్ టైమ్. ఏ ఫంక్షన్ ఎంత టైమ్ తింటోందో చూపే పెర్ఫ్ టాప్ తెరిచాను. కంపైలర్ ఎక్కడో అడుగున ఉంది. అన్నిటికంటే పైన ఓఎస్‌క్యూ లాక్ అనే కెర్నెల్ ఫంక్షన్. అంటే కోర్లు పని చేయడం లేదు, లాక్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి పోనిచ్చే తాళం) ఎప్పుడు దొరుకుతుందా అని అక్కడక్కడే తిరుగుతున్నాయి.

మార్కులు వేసే ఆ సాఫ్ట్‌వేర్ అందరి ఫైళ్లనూ ఒకే డైరెక్టరీలో పెడుతోంది. లినక్స్‌లో ఒక డైరెక్టరీలో కొత్త ఫైలు పెట్టాలన్నా, ఉన్నది తీసేయాలన్నా ఆ డైరెక్టరీ లాక్ పట్టుకోవాలి, అదీ ఒకసారికి ఒక్కరే. పైగా సాకెట్లు రెండైతే ఆ లాక్ ఉన్న క్యాష్ లైన్ (చిప్ తన దగ్గర పెట్టుకునే మెమరీ ముక్క) ఈ చిప్‌కీ ఆ చిప్‌కీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. అక్కడ ఇంకొన్ని కోర్లు పెడితే ఇంకా నెమ్మదిస్తుంది.

తర్వాతి పరీక్షకు మూలన పడేసిన డెస్క్‌టాప్‌లు దుమ్ము దులిపి వరుసకొకటి కేటాయించాం. దేని కెర్నెల్ దానిదే, దేని డిస్క్ దానిదే. మధ్యలో ఒకటి ఆగిపోతే ఆ వరుస వాళ్లు పక్కదానికి మళ్లీ సబ్మిట్ చేశారు. మిగతా హాలుకు ఆ సంగతే తెలియదు.

పెద్ద సర్వర్‌లోనే డైరెక్టరీలు విడగొడితే సరిపోయేదిగా అంటారు. సరిపోయేది. కానీ పెద్ద మెషిన్ ఉన్నంతకాలం ఆ పని ఎవరూ పెట్టుకోరు. క్లస్టర్‌లో పని పంచకుండా అసలు మొదలే పెట్టలేం. నేను క్లస్టర్ వైపు నిలబడేది ఇందుకే.

కెర్నెల్ రాసేవాళ్లకే ఈ లాక్‌ల బెడద అంత తేలిగ్గా లొంగలేదు. 1996లో లినక్స్ 2.0తో ఒకటికి మించి ప్రాసెసర్లు వాడే వీలు వచ్చింది, కెర్నెల్ మొత్తానికీ ఒకే పెద్ద లాక్‌తో. దాన్ని ముక్కలు చేసుకుంటూ పూర్తిగా పీకేసరికి 2011 వచ్చింది. నాసాలో స్టెర్లింగ్, బెకర్ అయితే 1994లోనే 486 ప్రాసెసర్ల మామూలు మెషిన్లు పదహారింటిని ఈథర్‌నెట్ కేబుళ్లతో కలిపి బియోవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టేశారు.

విజయవాడ గవర్నర్‌పేటలో ఏ షాపుకెళ్లినా కోర్ల లెక్కే చెబుతారు. మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుందని ఒక్కరూ అడగరు. వాళ్లననీ లాభం లేదు, మన కాలేజీల్లో సెమాఫోర్ (ఇదీ లాక్ లాంటిదే) నిర్వచనం బట్టీ పట్టించి మార్కులేస్తాం, లాక్ కోసం కోర్లు ఎలా పడిగాపులు కాస్తాయో స్క్రీన్ మీద ఒక్కసారి చూపించం.

అన్ని కోర్లూ ఒకే పెద్ద డేటాను మెమరీలో పెట్టుకుని ముట్టుకోవాల్సిన డేటాబేస్ ఉంటే మాత్రం పెద్ద సర్వరే కొనండి. మీది పరీక్షల పని, పిల్లాడికీ పిల్లాడికీ సంబంధం లేదు. మిగిలిన డబ్బు మంచి స్విచ్ మీద, యూపీఎస్ మీద పెట్టండి. పరీక్షలు మే నెలలో పడితే కరెంటు సంగతి మీకు తెలిసిందే.