టాడ్ టెర్రీ ఇన్ని మారుపేర్లతో రికార్డులు ఎందుకు విడుదల చేశారు?

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు చెందిన సంగీత నిర్మాత టాడ్ టెర్రీ 1988లో రాయల్ హౌస్, బ్లాక్ రియట్, స్వాన్ లేక్, టాడ్ టెర్రీ ప్రాజెక్ట్ అనే పేర్లతో వరుసగా హౌస్ సంగీతపు (క్లబ్బుల్లో వినిపించే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం) రికార్డులు విడుదల చేశారు. ఆనాటి నృత్య సంగీతం ప్రధానంగా డీజేల కోసం ముద్రించిన 12 అంగుళాల రికార్డులపై నడిచేది. ఒకే వ్యక్తి తక్కువ వ్యవధిలో ఎక్కువ పాటలు చేసి వేర్వేరు చిన్న రికార్డు సంస్థలకు ఇవ్వాలంటే, ఒక్కో శైలికి ఒక్కో పేరు పెట్టుకోవడం సులువైన మార్గం. పాత పాటల ముక్కలను శాంప్లర్‌తో (శబ్దాలను నమోదు చేసి తిరిగి వాయించే పరికరం) కోసి అతికించే ఆయన హిప్‌హాప్ పద్ధతి మాత్రం ఏ పేరు వెనుకా దాగలేదు. రాయల్ హౌస్ పేరుతో వచ్చిన 'కెన్ యూ పార్టీ' బాణీపైనే హిప్‌హాప్ బృందం జంగిల్ బ్రదర్స్ ర్యాప్ చేసి, అదే ఏడాది 'ఐల్ హౌస్ యూ'ను రూపొందించారు.

విచిత్రమేమిటంటే, ఇన్ని పేర్లున్నా ఆయన పనిని అత్యధికులు విన్నది ఇతరుల పాట ద్వారానే: ఎవ్రీథింగ్ బట్ ది గర్ల్ బృందం పాడిన 'మిస్సింగ్'కు ఆయన చేసిన రీమిక్స్ (పాటను కొత్తగా మలచిన రూపం) 1995లో బ్రిటన్‌ పాటల చార్టులో 3వ స్థానానికి, ఆ తరువాత అమెరికాలో 2వ స్థానానికి చేరింది.