భూకంపం, అగ్నిపర్వతం, కొండచరియ: ముందే తెలుస్తుందా?

శాస్త్రవేత్తలు వీటిని ఎలా గమనిస్తారు, గమనిస్తే ముందే చెప్పగలరా అని అడిగారు. నేను కొండచరియల మీద నిఘా పెట్టే ఒక ప్రాజెక్టులో రెండేళ్లు ఫీల్డ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. నాకు బాగా తెలిసింది అదే, అక్కడి నుంచే మొదలుపెడతాను.

వాలు మీద అరచెయ్యి పట్టేంత నెర్రె ఒకటి ఉండేది. దానికి అటూ ఇటూ ఇనుప కడ్డీలు పాతి, మధ్యలో తీగ బిగించి, ఒక చివర సెన్సర్ పెట్టాం. నెర్రె మిల్లీమీటరు విచ్చుకున్నా రికార్డవుతుంది. మొదటి వారమంతా నాకు ఒకటే టెన్షన్. మధ్యాహ్నానికి రీడింగ్ మారేది, రాత్రికి మళ్లీ మామూలయ్యేది. కదిలేది కొండ కాదు, ఎండకు తీగ సాగుతోందని మా సీనియర్ పాత రికార్డు తీసి చూపించారు. రోజూ ఉండే ఆ ఊగిసలాట ఎంతో తెలిశాకే అసలు కదలికను గుర్తుపట్టగలిగాను.

నెర్రె ఎంత వెడల్పయింది అన్నదానికన్నా ఎంత వేగంగా విచ్చుకుంటోంది అన్నదే ముఖ్యం. రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున నెలల తరబడి జరిగే వాలు నిలబడిపోవచ్చు. ఇవాళ 1, రేపు 2, ఎల్లుండి 5 అయితే మాత్రం కింద ఉన్నవాళ్లను కదిలించాల్సిందే. అమెరికాలోని బింగమ్ కాన్యన్ రాగి గనిలో 2013 ఏప్రిల్ 10న చాలా పెద్ద చరియ కూలింది. కదలికను రాడార్లు ముందే పట్టడంతో గనిలోవాళ్లను బయటికి పంపేశారు, ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మా దగ్గర ఒక రాత్రి కుండపోత వాన పడుతుంటే బ్యాటరీ వైరు తుప్పుపట్టి ఊడిపోయింది. తెల్లారేదాకా డేటా లేదు. కొండ కూలలేదు గానీ, దాని కింద ఇళ్లలో జనం నిద్రపోతున్నారన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ తర్వాత రెండో బ్యాటరీ లేకుండా ఏ స్టేషనూ నడపలేదు.

అగ్నిపర్వతాల దగ్గర చిన్న చిన్న కంపనాలను, నేల ఉబ్బడాన్ని, బయటికొచ్చే వాయువులను కొలుస్తారు. ఫిలిప్పీన్స్‌లోని పినటుబోలో 1991 మే మధ్యలో రోజుకు సుమారు 500 టన్నులున్న సల్ఫర్ డయాక్సైడ్, నెలాఖరుకు 5,000 టన్నులకు చేరి, ఆపై ఒక్కసారిగా పడిపోయింది. తగ్గింది కదా అని శాస్త్రవేత్తలు ఊపిరి పీల్చుకోలేదు. దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందేమోనని అనుమానించారు. జూన్ 15న కొండ బద్దలయ్యేసరికి వేలాది మంది సురక్షిత ప్రాంతాలకు చేరిపోయారు.

భూకంపం ఫలానా రోజు వస్తుందని చెప్పే పద్ధతి మాత్రం ఇంతవరకూ లేదు. ఎవరైనా తేదీ చెబితే నమ్మకండి. భూకంపం మొదలయ్యాక, బలమైన కుదుపు మన దాకా చేరడానికి కొన్ని సెకన్ల ముందు హెచ్చరించగలరు, అంతే. సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు వెళ్లే తొలి తరంగాన్ని సెన్సర్లు పట్టుకుంటే, దాదాపు 3.5 కిలోమీటర్ల వేగంతో వెనకొచ్చే బలమైన తరంగం చేరేలోపు రైళ్లకు బ్రేకులు వేయొచ్చు. జపాన్‌లో 2007 నుంచి ప్రజలందరికీ ఇలాంటి హెచ్చరికలు అందుతున్నాయి.

మీరే కొండవాలు కింద ఉంటుంటే, పైన నెర్రె కనిపిస్తే దానికి అటూ ఇటూ రెండు మేకులు దిగ్గొట్టి, మధ్య దూరం టేపుతో కొలిచి తేదీతో సహా రాసిపెట్టుకోండి. వాన పడని రోజున మాత్రమే అక్కడికి వెళ్లండి. దూరం పెరుగుతోందనిపించినా, ఊట నీరు ఉన్నట్టుండి బురదగా మారినా కొలతల కోసం ఆగొద్దు. ముందు ఇంట్లోవాళ్లందరినీ బయటికి తీసుకెళ్లి, ఆ తర్వాత అధికారులకు ఫోన్ చేయండి.