కొత్త నాటకాల పండగ పెడుతున్న మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి,

బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మెసేజీ చదివాను. పర్లాకిమిడిలో మూడు సాయంత్రాలు, చుట్టుపక్కల నాటక సమాజాలు ఇంకా రాసుకుంటూ ఉన్న కొత్త నాటకాలు, టికెట్టు లేదు. ఆలోచన నాకు నచ్చింది. ఫోన్లో చెబితే మధ్యలో ‘సరేలే మావయ్యా’ అని పెట్టేస్తావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

ఆ మెసేజీ చివర్లో ‘ఉత్తమ రచనకు నగదు బహుమతి’ అని ఒక ముక్క పెట్టావు చూడు, ముందు అది తీసెయ్. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలైంది. ఆ తర్వాత ఊరూరా వెలిసిన పరిషత్తులు మన నాటకానికి పోటీ అలవాటు చేశాయి. ఆ పోటీలే లేకపోతే తెలుగు నాటిక ఈపాటికి అటకెక్కేదేమో, కాదనను. కానీ ముందు వరసలో జడ్జీలు కూర్చుని మార్కులు వేస్తుంటే ఏ సమాజమైనా ఏం తెస్తుంది? ఎక్కడ చప్పట్లు పడతాయో, ఎక్కడ ముక్కు చీదుకుంటారో ముందే తెలిసిన నాటిక తెస్తుంది. సగం రాసింది తేదు. ఒకవేళ తెచ్చినా సగమే అయిందని ఒప్పుకోదు. నీకు కావలసింది ఆ ఒప్పుకోలే. బహుమతి ఉన్నచోట అది దొరకదు.

ఎంపికకు కథా సంగ్రహం అడగకు. సంగ్రహాలన్నీ బాగానే ఉంటాయి. పది పేజీల సంభాషణ, దాంతో పాటు ఒక ప్రశ్నకు జవాబు అడుగు: ‘ఈ నాటకంలో మీకు ఇంకా ఏది తెగడం లేదు?’ రెండో అంకంలో కూతురు ఇంటికి తిరిగి రావాలా వద్దా తేలడం లేదనో, ముగింపు రెండు రకాలుగా రాశామనో చెప్పినవాళ్లని పిలువు. ‘అంతా సిద్ధంగా ఉందండీ, స్టేజీ ఎక్కడమే తరువాయి’ అన్నవాళ్లకి దండం పెట్టి పరిషత్తుకి పంపించు.

ఆడే పద్ధతి కూడా దానికి తగ్గట్టే ఉండాలి. సెట్టింగులు వద్దు, మేకప్ వద్దు, స్క్రిప్టు చేత్తో పట్టుకుని చదవాలి. మనవాళ్లకి ఇది నామోషీగా ఉంటుంది, తెలుసు. ‘పోర్షన్ రానివాడిలా కాగితం చూసి చదవడమేమిటి’ అంటారు. లండన్‌లో రాయల్ కోర్ట్ థియేటర్ వాళ్లు 1957లోనే ఆదివారం రాత్రుళ్లు సెట్టింగులు లేకుండా కొత్త నాటకాలు ఆడించడం మొదలుపెట్టారని చెప్పు, కొంచెం మెత్తబడతారు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల చాలు. పక్కన ఒకరు కూర్చుని రంగ సూచనలు పైకి చదవాలి: ‘పెంకుటిల్లు. అరుగు మీద ముసలాయన చుట్ట కాలుస్తూ ఉంటాడు’ అని. మంచి గొంతున్న మనిషిని పెట్టు, పెంకుటిల్లు దానంతట అదే కనిపిస్తుంది.

నేను రంగు పూసుకున్నది తక్కువ, వింగ్‌లో, అంటే స్టేజీ పక్క తెర చాటున నిలబడి, మర్చిపోయిన మాటలు అందించే ప్రాంప్టింగ్ చేసిందే ఎక్కువ అని నీకు తెలుసు. అక్కడ నిలబడితే ఒకటి పట్టుబడుతుంది. నటుడు ఒక మాట దగ్గర ఒకసారి తడబడితే మర్చిపోయాడనుకోవచ్చు. ప్రతిసారీ అక్కడే తడబడితే ఆ వాక్యం ఆ మనిషి నోట పుట్టే వాక్యం కాదని అర్థం. పెద్ద నటులు దాన్ని నేర్పుగా కప్పేస్తారు, ప్రేక్షకుడికి తెలియదు. రచయితకీ తెలియదు, నష్టం అక్కడే. చేతిలో కాగితం ఉన్నప్పుడు కప్పడం కుదరదు. అందుకే ప్రతి రచయితనీ తన స్క్రిప్టు కాపీ ఒకటి, పెన్సిలు ఒకటి పట్టుకుని పక్కన కూర్చోమను. నాలుక ఎక్కడ మడతపడితే అక్కడ గీత పెట్టుకోవాలి.

ఇక్కడ మన సరిహద్దు ఊళ్ల చిక్కు ఒకటుంది. 1936 ఏప్రిల్ 1న మన ఊళ్లు ఒడిశాలో కలిశాయి. అప్పటినుంచి మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. నీ దగ్గరికొచ్చే కుర్రనటుల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. పోటీ నాటకాలకి నెలల తరబడి నోటితో వల్లె వేయిస్తారు కాబట్టి ఇది బయటపడదు. చదివే పద్ధతి పెట్టావంటే మొదటి రోజే బయటపడుతుంది, పిల్లలు సిగ్గుపడి మానేస్తారు. ముందే ప్రతి స్క్రిప్టూ ఒడియా లిపిలో కూడా రాయించి పెట్టు. ఒడియాలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం, ఒ, ఓలకీ అంతే. మెడ అని రాసినా మేడ అని రాసినా కాగితం మీద ఒకలాగే ఉంటుంది. ‘మేడ మీద చెయ్యేసింది’ అని చదివాడంటే విషాద సీను కాస్తా నవ్వులపాలవుతుంది. దీర్ఘం ఉన్నచోట అక్షరం పైన ఎర్ర పెన్నుతో అడ్డగీత పెట్టించు.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. మనవాళ్లు బజార్లో ఒక తెలుగు మాట్లాడతారు, స్టేజీ ఎక్కగానే అది విజయవాడ తెలుగైపోతుంది. మధ్యలో ఒడియా మాట దొర్లితే చిన్నతనం అనుకుంటారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడిన పర్లాకిమిడిలో ఈ భయమేమిటో నాకు అర్థం కాదు. పిలుపు కాగితంలోనే రాసెయ్, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయమని. ఒక సాయంత్రం ఒడియా సమాజానికి కూడా చోటివ్వు. వాళ్లు వస్తే వాళ్ల ప్రేక్షకులూ వస్తారు.

ఒక్కో నాటకానికి గంట, సాయంత్రానికి రెండు. అంతకు మించి ఒప్పుకోకు. గంజాం జనం రాత్రంతా కూర్చుంటారు కదా అనకు. జలంత్రకోటలో పుట్టిన ప్రహ్లాద నాటకం తెల్లవార్లూ చూస్తారు, నిజమే. అక్కడ కథ అందరికీ తెలుసు, మధ్యలో ఒక కునుకు తీసినా లేచేసరికి హిరణ్యకశిపుడు మెట్ల వేదిక మీదే ఉంటాడు. కొత్త నాటకంలో ఐదు నిమిషాలు కునికితే కథే పోతుంది. పైగా రాత్రి పదింటి తర్వాత మైకు కుదరదు. పాతపట్నం, కాశీనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఇళ్లకి చేరాలి కూడా.

ఇప్పుడు అసలు ముక్క. నాటకం అయ్యాక ప్రేక్షకులతో మాట్లాడించే అరగంట కోసమే ఈ పండగంతా. అది చెడిందంటే మిగతాదంతా దండగ. మైకు ఊరికే జనంలోకి వదిలావంటే ఏమవుతుందో చెప్పనా? రిటైరైన పెద్దమనిషి ఒకాయన లేచి ‘నేనే గనక రాస్తే’ అని మొదలుపెడతాడు. ఆయన కూర్చునేసరికి టీ చల్లారిపోతుంది. రచయిత మొహం వేలాడేసుకుంటాడు. లిజ్ లెర్మన్ అని అమెరికాలో ఒక నాట్యకారిణి దీనికో వరస పెట్టింది, బాగా పనికొస్తుంది. మొదట, ఏం గుర్తుండిపోయిందో ప్రేక్షకులు చెప్పాలి, అంతే. తర్వాత రచయిత ప్రశ్నలు అడగాలి. ఆ తర్వాత ప్రేక్షకులు అడగాలి, అయితే ప్రశ్న పేరుతో తీర్పు చెప్పకూడదు. చివర్లో, రచయిత సరేనంటేనే అభిప్రాయాలు.

రచయిత అడిగే ప్రశ్నల్ని ముందురోజు కూర్చోబెట్టి నువ్వే రాయించు. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు. మర్యాద తెలిసిన జనం మనది. ‘తండ్రి ఇల్లు అమ్మేశాడని మీకు ఎప్పుడు అనుమానం వచ్చింది?’ అని అడగమను. సగం మంది ‘ఆయన తాళంచెవి దాచినప్పుడే’ అన్నారనుకో, తర్వాత అరగంట రహస్యం రహస్యమే కాదని రచయితకి తేలిపోతుంది. అప్పుడు రచయిత చెయ్యకూడనిది ఒకటే, జవాబు చెప్పుకోవడం. ‘నా ఉద్దేశమేమిటంటే’ అని మొదలెట్టగానే మైకు తీసేసుకో. మొహమాటపడకు.

ఆడవాళ్లు, పిల్లలు మైకు ముట్టుకోరు. చీటీలు పంచినా రాయరు. అందుకని టీ దగ్గర ఇద్దరు ముగ్గురు చురుకైనవాళ్లని పెట్టు, అక్కడ పడే మాటలు విని రాసుకోవడానికి. నాకు తెలిసి అసలు విమర్శంతా కప్పు చేతిలోకి వచ్చాకే మొదలవుతుంది.

దిద్దుకోమంటే రచయితలు చిన్నబుచ్చుకుంటారు. అలాంటివాళ్లకి గురజాడని చూపించు. కన్యాశుల్కం విజయనగరంలో మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. ఇవాళ మనం చదివేది మాత్రం దాదాపు తిరగరాసి 1909లో వేసిన రెండో కూర్పు. మన వైపు మనిషే.

డబ్బు సంగతి. ప్రేక్షకుడికి ఉచితం అంటే నటుడికి కూడా ఉచితమని కాదు. గుణుపురం వాళ్లు రైల్లో నేరుగా వచ్చేస్తారు, ఇచ్ఛాపురం వాళ్లకి వ్యాను కావాలి. దారి ఖర్చులు, రెండు పూటల భోజనం, రచయితకి చిన్నదో పెద్దదో ఒక కవరు. ఇవి లెక్కేసుకున్నాకే హాలు, మైకు, కుర్చీలు చూడు. బట్టల కొట్ల వాళ్లు చందా ఇస్తారు, బ్యానర్ మీద పేరు వేయమంటారు, వెయ్యి. వేదిక మీద రెండు మాటలు మాట్లాడతామంటే మాత్రం ఒప్పుకోకు. ఒకరికి శాలువా కప్పావంటే పదిమందికి కప్పాలి, ఎనిమిదింటికి గానీ నాటకం మొదలవదు.

తలుపు దగ్గర హుండీ పెట్టొచ్చా అని అడిగావు. వెళ్లేటప్పుడు కనిపించేలా పెట్టు, వచ్చేటప్పుడు కాదు.

తేదీ గురించి నీ స్నేహితులు ఆగస్టు 29 అంటున్నారట, గిడుగు వారి పుట్టినరోజని. ఆ రోజు ఉపన్యాసాలకే సరిపోతుంది, వాన కూడా. అక్టోబరు అసలే వద్దు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ తుఫాను వచ్చింది అక్టోబరు 11న. గజపతి జిల్లాని అది ఏం చేసిందో నువ్వు కళ్లారా చూశావు. సంక్రాంతి వెళ్లాక, పరీక్షల టెన్షన్ మొదలవకముందు, జనవరి చివరి వారం పెట్టుకో.

ఫోన్లలో వీడియోలు తీయనివ్వకు. సగం నాటకం యూట్యూబ్‌లోకి ఎక్కిందంటే పూర్తయిన నాటకాన్ని కూడా జనం దాంతోనే పోలుస్తారు. కథ ఎవరో కొట్టేస్తారని భయపడేవాళ్లకి ఇది చెప్పు: రాసినప్పటినుంచే హక్కు రచయితదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత ఉన్నన్నాళ్లూ, పోయాక మరో 60 ఏళ్లూ ఆ హక్కు ఉంటుంది. ప్రతి పేజీ మీదా పేరు, తేదీ వేసుకుంటే రుజువుకి పనికొస్తుంది.

స్క్రిప్టులు నవంబరు నెలాఖరుకల్లా నాకు పంపు. ఒడియా లిపిలోకి రాసిపెట్టే కుర్రాళ్లు ఇద్దరున్నారు ఇక్కడ, పేజీకింతని ఇవ్వాలి, బేరం నేను ఆడతాను. పిలుపు కాగితం అచ్చుకిచ్చే ముందు ప్రూఫ్ వాట్సాప్ చెయ్యి, బహుమతి ముక్క తీసేశావో లేదో చూసుకుంటాను. అత్తయ్య నిన్ను అడిగానని రాయమంది.

మీ మావయ్య