నా పళ్ళు చూసి చెబుతున్నాను

"అయిదేళ్ల బాబుకు స్క్రబ్ టైఫస్ అని డాక్సీసైక్లిన్ రాశారు. పళ్ళు రంగు మారతాయంటున్నారు, వేయమంటారా?" అని అడిగారు. స్క్రబ్ టైఫస్ అంటే కంటికి సరిగా ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరం. వేయండి. ఈ మాట చెప్పే హక్కు నాకు నా పళ్ళే ఇచ్చాయి.

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. నాన్నగారు బొగ్గు గనిలో పనిచేసేవారు. నా చిన్నప్పుడు మా వీధికి సైకిల్ మీద ఒక డాక్టరు వచ్చేవాడు. నాకు తుమ్ము వచ్చినా, దగ్గు వచ్చినా ఆయన ఇచ్చేది డాక్సీసైక్లిన్ జాతిదే అయిన టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రే. అమ్మ దాన్ని విప్పి, పచ్చటి పొడిని తేనెలో రంగరించి నాకించేది. పాలపళ్ళు ఊడి వచ్చిన కొత్త పళ్ళు మొదట లేత పసుపుగా ఉన్నాయి. వెలుతురు తగిలే కొద్దీ ముందు పళ్ళు గోధుమ రంగుకు, ఆపైన బూడిద రంగుకు తిరిగాయి. దవడ పళ్ళు మాత్రం పచ్చగానే ఉండిపోయాయి.

నాయనమ్మ ఊరుకుంటుందా! నూతి గట్టు మీద కూర్చోబెట్టి, గడ్డం ఒడిసి పట్టుకుని ఉప్పుతో, పిడకల బూడిదతో, చివరికి ఇటుక పొడితో తోమింది. చిగుళ్లు నెత్తురోడేవి. "చింతపండుతో తోమితే రాగి చెంబైనా మెరుస్తుంది, వీడి పళ్ళేమిటే ఇలా ఏడ్చాయి" అని అమ్మ మీద విరుచుకుపడేది. మరక పైన ఉంటే కదా పోవడానికి! పన్ను తయారయ్యేటప్పుడే ఆ మందు కాల్షియంతో కలిసి లోపల కూర్చుంటుంది. పెద్దయ్యాక నాగపూర్‌లో దంతవైద్యుడు చిన్న అద్దం పెట్టి చూసి, అడ్డంగా ఉన్న చారలను లెక్కపెట్టాడు: "ఇది ఒక జ్వరం, ఇది ఇంకొకటి." నా బాల్యమంతా ఆయనకు అలా కనిపించింది. బడి ఫొటోల్లో నేను నోరు తెరిచింది ఒక్కటీ లేదు.

మందును తిట్టను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ నుంచే ఈ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో! జలుబుకు కూడా పంచిపెట్టిన సైకిల్ డాక్టరుదే తప్పు. ఇప్పటికీ చీటీ అడగకుండా మాత్రలు చేతిలో పోసే మందుల దుకాణాలు ఎన్ని లేవు?

ఇక అసలు సంగతి. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు, వానాకాలంలో, వారం రోజులైనా జ్వరం దిగలేదు. డాక్టరు గారు చెవి వెనక జుట్టు పక్కకు తీసి చూపించారు: సిగరెట్టుతో చురక పెట్టినట్టు నల్లటి పక్కు, స్క్రబ్ టైఫస్ పురుగు కుట్టిన చోట పడేది. డాక్సీసైక్లిన్ అనగానే నేను పెదవులు లాగి నా పళ్ళు చూపించి పోట్లాటకు దిగాను. ఆయన నవ్వి, ఇది ఆ జాతిదే అయినా కాల్షియంతో అంతగా అతుక్కోదని, ఈ జ్వరానికి ఆలస్యం చేస్తేనే ప్రమాదమని చెప్పారు. రెండో రోజుకు పిల్ల లేచి గంజి అడిగింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 21 రోజుల లోపు అయితే ఏ వయసు పిల్లలకైనా ఇవ్వవచ్చని 2018లో చెప్పింది. నాకు మాత్రం మా అమ్మాయి నోరే సాక్ష్యం: కొబ్బరి ముక్కల్లాంటి పళ్ళు.

మా వీధి పిల్లల పళ్ళ మీద మచ్చలన్నిటినీ మందుల మీదకే తోసేస్తారు. ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించమంటే ఒక్కరూ కదలరు.

మీ బాబుకు మందు నీళ్లతో ఇవ్వండి, పాలతో వద్దు, ఒంటికి సరిగా పట్టదు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి.