రంగు నీటిలో స్టెయిన్‌లెస్ స్టీలు పలకలకు కరెంటు ఇస్తున్నారా? ముందు ఆ పసుపు సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ: పొందూరు దగ్గర నూలుకు రంగులు వేసే చిన్న షెడ్డు, రోజుకు 200 లీటర్ల రియాక్టివ్ రంగు నీరు. రెండు స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు ముంచి బ్యాటరీ ఛార్జరు తగిలిస్తే ఎరుపు పోయింది, అడుగున గోధుమరంగు మడ్డి దిగింది, పైన తేరిన నీరు మాత్రం లేత పసుపుగా ఉండిపోయింది. దాన్ని పొలం కాలువలోకి వదలొచ్చా?

వదలకండి. ఆ పసుపు మిగిలిపోయిన రంగే కావచ్చు గానీ, నా అనుమానం క్రోమియం మీద. 304 రకం స్టీల్లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ప్లస్‌కు కట్టిన పలక ఉప్పు నీటిలో కరిగిపోతుంది. ఇనుము తుప్పు మడ్డిగా మారి, రంగును అంటించుకుని కిందికి దిగుతుంది. అంటే రంగు చావలేదు, మడ్డిలోకి చేరిందంతే. క్రోమియంలో కొంత పసుపు రంగు క్రోమేటుగా నీళ్లలోనే ఉండిపోతుంది. అది క్యాన్సర్ తెచ్చే రకం. బయటికి వదిలే నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. డైఫినైల్ కార్బజైడ్ కిట్‌తో చూడండి, ఊదా గులాబీ రంగు తిరిగితే అదే.

మీకు కావలసింది తాను కరగకుండా చర్యను మాత్రం నడిపించే పలక: నీటిలోని ఉప్పు నుంచి క్లోరిన్ పుట్టాలి, ఆ క్లోరినే రంగును విరగ్గొడుతుంది. టైటానియం మెష్ మీద రుథేనియం, ఇరిడియం ఆక్సైడ్ల పూత ఉన్నది అడగండి. వ్యాపారంలో ఎంఎంఓ యానోడ్ అంటారు. కాస్టిక్ సోడా ఫ్యాక్టరీల్లో క్లోరిన్ తీసేది ఇలాంటి పూతతోనే. పూత లేని టైటానియం చవగ్గా వస్తుందని కొనకండి: పైన పొర కట్టి కరెంటు ఆగిపోతుంది. గ్రాఫైట్ పనిచేస్తుంది గానీ నల్లటి పొడి రాలుతూ అరిగిపోతుంది. మైనస్ వైపు మీ పాత స్టీలు పలకలే వాడుకోవచ్చు. కరెంటు ఆపగానే వాటిని పైకి తీసేయండి, క్లోరిన్ నీటిలో నానితే గుంటలు పడతాయి.

నౌపడ నుంచి కళ్ళుప్పు బస్తా తెప్పించే పని లేదు. రియాక్టివ్ రంగు తొట్టిలో మీరు వేసే ఉప్పే లీటరుకు 40 నుంచి 80 గ్రాములు. జాడింపు నీటితో కలిశాక లీటరుకు 5 గ్రాములు మిగిలినా చాలు. ఒకవేళ మీరు వాడేది గ్లాబర్ సాల్ట్ (సోడియం సల్ఫేట్) అయితే అందులో క్లోరైడ్ ఉండదు, అప్పుడే ఉప్పు కలపాలి.

మెష్ 30 × 45 సెంటీమీటర్లు, పలకల మధ్య 1 సెంటీమీటరు ఎడం, 20 ఆంపియర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు. వోల్టేజి 4 నుంచి 5 మధ్య నిలుస్తుంది. ఛార్జరు వద్దు, కరెంటును స్థిరంగా పట్టి ఉంచే డీసీ సప్లై కావాలి. ఒక ఆంపియర్ గంటకు లెక్క ప్రకారం 1.32 గ్రాముల క్లోరిన్ పుడుతుంది. 5 గంటలకు 132 గ్రాములు. అంతా పనికిరాదు, అయినా మామూలు రంగు నీటికి ఇది చాలినంత మోతాదే. ఖర్చు అర యూనిట్ పైచిలుకు. చిన్న పంపుతో నీటిని తిప్పుతూనే ఉండాలి.

పీహెచ్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. రియాక్టివ్ రంగు నీరు సోడా వల్ల 10, 11 దగ్గర ఉంటుంది, అక్కడ క్లోరిన్ మందకొడి. 6.5–7.5కు దించండి. మరీ 4 కిందికి దించితే క్లోరిన్ గ్యాసై ముక్కుకు తగులుతుంది. మైనస్ దగ్గర హైడ్రోజన్ గంటకు 8 లీటర్లకు పైగా వస్తుంది, కాబట్టి మూత బిగించొద్దు, గాలి ఆడే చోట పెట్టండి.

బోరు నీరు గట్టిదైతే మైనస్ పలక మీద తెల్లని పెచ్చు కట్టి వోల్టేజి పెరుగుతూ పోతుంది. పలకను బయటికి తీసి 5 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచి కడగండి. ప్లస్ మైనస్ తారుమారు చేసి రాల్చుదామనుకోకండి, ఎంఎంఓ పూత పాడవుతుంది.

రంగు పోయినా సీఓడీ (నీటిలోని కర్బన మలినాలను ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ లెక్క) పోదు. లీటరుకు 1000 మిల్లీగ్రాములుంటే 200 లీటర్లకు 200 గ్రాములు. ఒక ఆంపియర్ గంటకు మహా అయితే 0.3 గ్రాము తగ్గుతుంది. కరెంటులో మూడో వంతే పనికొచ్చిందనుకుంటే 2000 ఆంపియర్ గంటలు, 10 యూనిట్లు. పైన చెప్పిన పలకతో అది 100 గంటల పని! అందుకే నేనైతే కరెంటును రంగు వరకే వాడి, మిగతాది బ్యాక్టీరియా శుద్ధికి వదిలేస్తాను. ఉప్పు కూడా అలాగే ఉంటుంది కాబట్టి తెల్లబడ్డ నీరైనా వరి చేనుకు పనికిరాదు. మిగిలిన క్లోరిన్‌ను గ్రాముకు 1.8 గ్రాముల సోడియం సల్ఫైట్‌తో చంపి, క్లోరిన్ కలిసిన కర్బన పదార్థాల కోసం బొగ్గు ఫిల్టరు గుండా పంపాలి. పరీక్షకు ఇచ్చే నమూనాకూ ముందే సల్ఫైట్ వేయాలి, లేకపోతే సీసాలోనూ చర్య సాగుతూ అంకె తప్పుతుంది. ఆ నమూనాలో క్లోరైడ్ ఎక్కువని ల్యాబుకు చెప్పండి. వదిలేందుకు కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి ఎలాగూ కావాలి.

ఇప్పటికే నిలవున్న పసుపు నీటికి మొదట సల్ఫైట్ వేసి క్లోరిన్ తీసేయండి, ఆ తర్వాతే యాసిడ్. వరస మారితే షెడ్డు నిండా క్లోరిన్. పీహెచ్ 2.5 దగ్గర సోడియం మెటాబైసల్ఫైట్ వేసి గంటసేపు ఆరుబయట ఉంచితే పసుపు పోయి లేత ఆకుపచ్చ వస్తుంది. సున్నంతో 8.5కు తెస్తే క్రోమియం మడ్డిగా దిగుతుంది. దాన్నీ, మొదటి గోధుమరంగు మడ్డినీ కలిపి సంచుల్లో ఆరబెట్టి, పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి.